అవయవదానానికి సంతకం చేసే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అవయవదాన అంగీకార పత్రం నెలల తరబడి సొరుగులోనే ఉందనీ, మంచిపనేనని బుద్ధి ఒప్పుకుంటున్నా కలం పట్టుకునేసరికి చెయ్యి ముందుకు సాగడం లేదనీ, ఇది స్వార్థమో పిరికితనమో తేల్చి చెప్పమనీ అడిగావు. నాకైతే రెండూ కనిపించడం లేదు. ఆసుపత్రుల్లో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలతో మాట్లాడే ఉద్యోగంలోనే నా జీవితం చాలావరకు గడిచింది. ఈ వెనకాడటాన్ని బాగా చదువుకున్నవారిలోనూ, చేతికి ఎముక లేదని పేరుపడ్డవారిలోనూ, ఆఖరికి డాక్టర్లలోనూ చూశాను. అవయవదానం మంచిదేనా అని అడిగితే దాదాపు అందరూ మంచిదే అంటారు. "మరి మీ సంగతి?" అనగానే ఆ మనిషి ఆలోచించవలసిన విషయమే మారిపోతుంది, అంతవరకు లోకోపకారం గురించి మాట్లాడినవాడు ఒక్కసారిగా తన చావును తాను ఊహించుకోవలసి వస్తుంది. అది ఎవరికీ ఇష్టమైన పని కాదు.

కాబట్టి ముందుగా నువ్వు చేయవలసింది నీ భయం ఏ రకందో గుర్తుపట్టడం. ఈ విషయాన్ని పరిశోధించిన మనస్తత్వవేత్తలు మనుషులను ఆపే భావాలను కొన్ని విడదీసి చూపారు. సంతకం పెడితే చావును పిలిచినట్టవుతుందన్న శంక ఒకటి. శరీరాన్ని కోస్తారన్న తలంపుకే ఒళ్ళు జలదరించడం ఇంకొకటి. దేహం చెక్కుచెదరకుండా వెళ్ళిపోవాలన్న కోరిక మరొకటి. దాతనని తెలిస్తే డాక్టర్లు నన్ను బతికించడానికి గట్టిగా ప్రయత్నించరేమోనన్న అనుమానం ఇంకా బలమైనది. వీటి ముందు విషయపరిజ్ఞానం తరచుగా నిలబడదు. ఒక దాత ఎనిమిది మంది వరకు ప్రాణం నిలబెట్టగలడని నీకు ఎప్పటినుంచో తెలుసు. రెండు కిడ్నీలు, రెండు ఊపిరితిత్తులు, గుండె, కాలేయం, క్లోమం, చిన్నపేగు అని లెక్క కూడా చెప్పగలవు. అయినా చెయ్యి కదలలేదంటే, నీకు కావలసింది మరో కరపత్రం కాదని అర్థం.

సంతకం అపశకునమన్న భయాన్ని మూఢనమ్మకమని నువ్వే ఈసడించుకోవద్దు. వీలునామా రాయడాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేసేవారిలో ఉండేదీ ఇదే. దానితో వాదన పెట్టుకుంటే అది మరింత బిగుసుకుంటుంది. "ఉంది, ఉండనీ" అని పక్కన కూర్చోబెట్టుకుని పని కానిచ్చినవారినే నేను ఎక్కువగా చూశాను. ఒక్క వాస్తవం మాత్రం గుర్తుంచుకో. అవయవాలు ఇవ్వడానికి వీలయ్యే పరిస్థితుల్లో మరణించడమే చాలా అరుదు. బ్రిటన్‌లో ఇలాంటి పరిస్థితుల్లో చనిపోయేవారు నూటికి ఒకరేనని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ చెబుతుంది. అంటే నీ సంతకం ఎప్పటికీ అక్కరకు రాకపోయే అవకాశమే ఎక్కువ. అరుదు కనుకనే అలాంటి సంతకాలు చాలామంది పెట్టవలసి ఉంటుంది.

డాక్టర్ల మీద అనుమానం గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే నీ ఉత్తరంలో నువ్వు నేరుగా అడగకపోయినా వరుసల మధ్య కనిపించింది అదే. నియమం ప్రకారం, నీకు చికిత్స చేసే బృందానికీ అవయవాలు తీసే బృందానికీ సంబంధం ఉండదు. మరణాన్ని నిర్ధారించే డాక్టర్లలో అవయవమార్పిడి బృందంవారు ఉండకూడదు. మెదడు మరణానికి, అంటే యంత్రం సాయంతో ఊపిరి ఆడుతున్నా మెదడు మళ్ళీ కోలుకోకుండా పూర్తిగా ఆగిపోయిన స్థితికి, కొలమానాలను 1968లో హార్వర్డ్ వైద్య కళాశాల సంఘం ప్రకటించిన నాటినుంచి ఈ పరీక్షలు క్రమంగా స్థిరపడ్డాయి. కంటిపాపల మీద వెలుతురు వేసి చూస్తారు, నల్లగుడ్డును దూదితో తాకి రెప్ప కదులుతుందేమో చూస్తారు, చెవిలో చల్లటి నీళ్ళు పోసి కళ్ళు కదులుతాయేమో గమనిస్తారు, గొంతులో గొట్టం కదిపి దగ్గు వస్తుందేమో చూస్తారు. చివరిగా, ఆక్సిజన్ అందేలా ఉంచి వెంటిలేటర్‌ను కొన్ని నిమిషాలు వేరుచేసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా ఛాతీ ఒక్కసారైనా పైకి లేస్తుందేమోనని కళ్ళప్పగించి చూస్తారు. ప్రాణమున్న మెదడు ఆ స్థితిలో ఊపిరి తీసుకోకుండా ఉండలేదు. కోమా వేరు, ఇది వేరు. కోమాలో ఉన్నవారు తేరుకోవచ్చు, ఈ పరీక్షలన్నింటిలో ఏ స్పందనా లేనివారు తేరుకోరు.

ఇంత స్పష్టమైన విషయం ఐసీయూ మంచం పక్కన నిలబడినప్పుడు ఎందుకు నమ్మబుద్ధి కాదో కూడా చెప్పాలి. చెయ్యి వెచ్చగా ఉంటుంది. ముఖంలో రంగు ఉంటుంది. తెర మీద గుండె గీత క్రమం తప్పకుండా కదులుతూ ఉంటుంది, దుప్పటి పైకీ కిందకీ ఆడుతూ ఉంటుంది. "ఊపిరి ఆడుతోంది కదండీ" అని తల్లి అంటే, అది యంత్రం ఊపిరి అని ఆమెకు చెప్పగలిగే మెత్తని మాట నాకు ఇంతవరకు దొరకలేదు. కొన్ని చోట్ల, కుటుంబం ఒప్పుకుంటే, వెంటిలేటర్ ఆపి చేసే ఆ పరీక్షను దగ్గరుండి చూడనిస్తారు. చాలామంది చూడలేమంటారు, అది సహజం. చూసినవారిలో ఎక్కువమంది ఆ తర్వాత మరణాన్ని ప్రశ్నించలేదు. ఈ సంగతి నీకు ఇప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, నీ ఇంట్లోవారికి కూడా తెలిసి ఉంటే మంచిదని నా అభిప్రాయం.

దేహం వికారమవుతుందన్న భయానికి జవాబు చిన్నది. అవయవాలు తీసేది ఆపరేషన్ గదిలో, సర్జన్ల చేతుల మీదుగా. కోతలను కుట్టి మూసి, శుభ్రం చేసి అప్పగిస్తారు. ముఖం మామూలుగానే ఉంటుంది, కడసారి చూపుకు అడ్డేమీ ఉండదు. దీనికి మించి నీకు నమ్మకానికి సంబంధించిన సందేహం ఉంటే, అది నువ్వు గౌరవించే పెద్దలతో మాట్లాడవలసిన విషయం. నేను మధ్యలో దూరను.

ఇక "తర్వాత చేద్దాంలే" అన్నదాని గురించి. ఇది పైకి కనిపించేంత అమాయకమైనది కాదు. 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు ఐరోపా దేశాలను పోల్చి చూశారు. ఇష్టమైతే పేరు నమోదు చేసుకోవాలన్న జర్మనీలో అంగీకారం 12 శాతం. ఇష్టం లేకపోతేనే చెప్పాలన్న ఆస్ట్రియాలో అది 99.98 శాతం. పక్కపక్కనే ఉండి ఒకే భాష మాట్లాడే ఈ రెండు దేశాల ప్రజల దయాగుణంలో అంత తేడా ఉంటుందని ఎవరూ అనుకోరు. రెండుచోట్లా అత్యధికులు చేసింది ఒకటే, కాగితం ముట్టుకోకపోవడం. ఏ గడిలో మొదట ఉంచితే మనుషులు ఆ గడిలోనే ఉండిపోతారు. ఈ లెక్క చూసి కొందరు చట్టం మారిస్తే చాలంటారు కాని, నేను ఏకీభవించను. స్పెయిన్‌లో అలాంటి చట్టం 1979లోనే వచ్చింది. ఆ దేశం ప్రపంచంలో ముందు వరుసకు చేరడం మాత్రం 1989లో జాతీయ అవయవమార్పిడి సంస్థను నెలకొల్పి, ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన సమన్వయకర్తలను నియమించిన తర్వాత జరిగింది. చట్టం ఎలా ఉన్నా అక్కడ ఇప్పటికీ కుటుంబాన్ని అడుగుతారు.

కుటుంబాన్ని అడుగుతారు అన్న మాట దగ్గర ఆగు, ఎందుకంటే నేను ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. చాలా దేశాల్లో దాత సంతకం ఉన్నా ఆప్తులు కాదంటే డాక్టర్లు ముందుకు వెళ్ళరు. నీ నిర్ణయం అమలయ్యే వేళకు నువ్వు ఉండవు. దాన్ని మోయవలసినవాళ్ళు నీ వాళ్ళు, అది కూడా వాళ్ళ జీవితంలోకెల్లా కష్టమైన గంటలో. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన మొదటి గుండె మార్పిడిని అందరూ తలుచుకుంటారు. ఆ గుండె డెనీస్ డార్వల్ అనే పాతికేళ్ళ యువతిది. అదే ప్రమాదంలో భార్యను పోగొట్టుకున్న ఆమె తండ్రి ఎడ్వర్డ్‌ను అడిగితే, ఆయన నాలుగు నిమిషాల్లో సరేనన్నాడని చెబుతారు. అప్పటిదాకా లోకంలో ఏ తండ్రికీ ఎదురుకాని ప్రశ్న అది. కూతురి మనసు ఎలాంటిదో తెలిసినందువల్లే ఆయన జవాబు చెప్పగలిగాడు. గుండెను వెలికి తీశాక అది నాలుగు నుంచి ఆరు గంటలే నిలుస్తుంది కనుక, ఈనాటి కుటుంబాలకూ తీరుబడి ఎక్కువ ఉండదు.

నా అనుభవంలో "వద్దు" అన్న కుటుంబాల్లో దానాన్ని వ్యతిరేకించినవారు తక్కువ. ఎక్కువమంది అన్నది "తనకు ఇష్టమో కాదో మాకు తెలియదు" అని. తెలియనప్పుడు కాదనడమే క్షేమంగా తోస్తుంది. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు తండ్రి విషయంలో వాదించుకుంటూ ఉండగా, తమ్ముడికి ఆయన ఎప్పుడో పేపరు చదువుతూ "నాకైతే అభ్యంతరం లేదురా, మట్టిలో కలిసేదే కదా" అన్న మాట గుర్తొచ్చింది. అన్నగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. అంతే, ఇక వాదన లేదు. ఆ తండ్రి ఏ కాగితం మీదా సంతకం చేయలేదు.

అందుచేత నీ ఇంట్లో ఈ మాట ఎత్తు. ఎవరికో జబ్బు చేసినప్పుడో, ఇంట్లో దుఃఖం ఉన్నప్పుడో వద్దు; వార్తల్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు మామూలు గొంతుతో మొదలుపెట్టు. "ఇస్తాను" అని ఊరుకోకుండా ఎందుకు ఇవ్వాలనుకుంటున్నావో ఒక్క వాక్యమైనా చెప్పు, ఎందుకంటే ఆ రోజున వాళ్ళకు గుర్తుకొచ్చేది కారణమే. అందరికంటే ఎక్కువగా అడ్డుపడతారని ఎవరి మీద నీకు అనుమానమో వాళ్ళకే ముందు చెప్పు. మీ అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాదించకు. ఆమె అప్పుడు బాధపడేది దానం గురించి కాదు, నువ్వు లేని రోజును తలుచుకుని. కాసేపటికి తేరుకుంటుంది, అప్పుడు "మరి నీకెలా ఉండాలని ఉంది?" అని ఆమెనూ అడుగు.

మీ బావగారు తన తమ్ముడికి కిడ్నీ ఇవ్వడానికి క్షణం ఆలోచించలేదనీ, నువ్వేమో చనిపోయాక ఇవ్వడానికే ఇంత తటపటాయిస్తున్నావనీ సిగ్గుపడ్డావు. ఆ పోలిక సరికాదు. 1954లో బోస్టన్‌లో కవల సోదరుల మధ్య జరిగిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి నుంచీ, దగ్గరి బంధువులు చాలామంది ప్రమాదాల సంగతి పూర్తిగా వినకముందే సరేనంటారు. ఎదురుగా ఒక ముఖం ఉంటుంది. నువ్వు ఇచ్చేది ముఖం తెలియనివారికి, నీకు తెలియని రోజున. అక్కడ మనసు నెమ్మదిగా కదలడం సహజం. నిజానికి బతికుండగా ఇచ్చేవారికే నేను ఆగి ఆలోచించమని చెబుతాను, ఎందుకంటే 1994-2009 మధ్య అమెరికాలో పదివేలమంది కిడ్నీ దాతల్లో సుమారు ముగ్గురు ఆపరేషన్ తర్వాతి మూడు నెలల్లో మరణించారని లెక్కలు చెబుతున్నాయి; ఆ ప్రమాదం తర్వాత తగ్గినా, అసలు లేకుండా పోలేదు. పైగా బంధువుల ఒత్తిడి అక్కడ చాలా ఎక్కువ.

అన్నీ ఇవ్వాలన్న నియమం కూడా లేదు. చాలా పత్రాల్లో ఏ అవయవం వద్దో రాయవచ్చు. కళ్ళు ఇవ్వడం ఊహించుకోలేకపోతున్నానన్నావు. ఆ గడి వదిలేయి, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కరలేదు. ఇంట్లో మాట్లాడాక కూడా మనసు వద్దంటే, పత్రం చించేసి "నాకు వద్దు" అని కూడా వాళ్ళకు స్పష్టంగానే చెప్పు, ఆ రోజున వాళ్ళు ఊహించుకోవలసిన అవసరం లేకుండా. సంతకం చేస్తే ఒక ప్రతిని మీ ఆయనకు ఇచ్చి, ఎక్కడ పెట్టాడో నీ ఎదుటే చెప్పించుకో. తర్వాత ఎప్పుడైనా మనసు మారితే నమోదు రద్దు చేసుకోవచ్చు. అలా చేసినప్పుడు మొదట ఎవరెవరికి చెప్పావో వాళ్ళందరికీ మళ్ళీ చెప్పడం మాత్రం మరచిపోకు.

ఇట్లు,
మీ అత్తయ్య