చీమ విషమంటే ఫార్మిక్ ఆమ్లమేనా? దాంతో మందులు చేస్తారా?

చీమ విషం అనగానే "ఫార్మిక్ ఆసిడ్" అని చెప్పేసి చేతులు దులుపుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. చిన్నప్పుడు బళ్లో బట్టీ పట్టిన ముక్క, జీవితాంతం వదలదు. అది కొన్ని రకాల చీమలకే వర్తిస్తుందండీ.

ఈ కోపానికి కారణం ఉంది. ఆమధ్య ఓ పూలకుండీ పక్కకు జరిపాను. దాని కింద సన్నటి ఎర్రచీమల పుట్ట. చేతిమీదికి ఎప్పుడు ఎక్కాయో తెలియలేదు, ఎవరో ఈల వేసినట్టు అన్నీ ఒక్కసారే కుట్టాయి. దులిపితే రాలవే! దగ్గరగా చూస్తే, కోరలతో చర్మాన్ని కరిచి పట్టుకుని, నడుం వంచి, పొట్ట చివరున్న ముల్లు దింపుతున్నాయి. ఒకచోట దింపాక పట్టు వదలకుండానే కాస్త తిరిగి, పక్కన ఇంకోసారి. ఈలోగా పక్కింటావిడ వంటసోడా ముద్ద తెచ్చి పూసింది. "ఆసిడే కదండీ, సోడా పడితే విరిగిపోతుంది" అని భరోసా ఒకటి. మంట రవ్వంత కూడా తగ్గలేదు. మర్నాటికి కుట్టిన ప్రతిచోటా తెల్లటి పొక్కు లేచింది. సూదితో గుచ్చి చీము తీసేయమని మరొకరి సలహా. చూడ్డానికి చీములా ఉంటుందేగానీ మామూలుగా అందులో సూక్ష్మజీవులు ఉండవు. గిల్లితేనే ఇన్ఫెక్షన్ వస్తుంది. సలహాకి డబ్బులక్కర్లేదు కాబట్టి అందరూ డాక్టర్లే.

అలా ముల్లుతో కుట్టే నిప్పుచీమల విషంలో ఫార్మిక్ ఆమ్లం ఊసే లేదు. దాదాపు 95 శాతం సొలెనాప్సిన్ లాంటి ఆల్కలాయిడ్లు. అవి కూడా సోడాలాగే క్షారగుణం ఉన్నవి, వాటిమీద మళ్లీ సోడా ఏం చేస్తుంది? పైగా విషం ఉన్నది చర్మం లోపల, ముద్ద పూసింది పైన! ప్రోటీన్లు ఒక శాతం కూడా ఉండవు గానీ అలర్జీ తెచ్చేవి అవే. కుట్టాక ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా చిట్కాలు మానేసి ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఫార్మిక్ ఆమ్లం ఉండేది ముల్లు లేని చీమల్లో. ఆకులు కలిపి గూడు కట్టే చెట్టుచీమలు, పెద్ద గండుచీమలు ఆ కోవలోవే. కరిచి, ఆ గాటు మీద ఆమ్లం చిమ్ముతాయి, ఘాటుగా పుల్లటి వాసన కొడుతుంది. 1671లో జాన్ రే అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త ఈ ఆమ్లాన్ని చీమల నుంచి వేరుచేయడం గురించి రాశాడు. అప్పట్నుంచి చీమ జాతి మొత్తానికీ ఆ పేరే అంటగట్టారు. దక్షిణ అమెరికా అడవుల్లోని బుల్లెట్ చీమది మరో కథ. దాని విషంలోని పొనెరాటాక్సిన్ 25 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది నరాల్లో సంకేతాలు నడిపే సోడియం ద్వారాలను సరిగా మూసుకోనివ్వదు, అందుకే రోజంతా నొప్పి.

ఇక ఉపయోగాల సంగతి. తేనెటీగలు పెంచేవాళ్లు తేనెటీగల్ని పట్టి పీడించే వర్రోవా అనే పురుగులను చంపడానికి ఫార్మిక్ ఆమ్లం వాడతారు, తోళ్ల పరిశ్రమలోనూ వాడతారు. కానీ అదంతా ఫ్యాక్టరీలో తయారైన సరుకు, చీమలకు సంబంధం లేదు. సొలెనాప్సిన్ కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకుంటుందని ల్యాబులో తేలింది. దాన్ని పోలిన పదార్థాలు సోరియాసిస్ తరహా జబ్బున్న ఎలుకల చర్మం మీద బాగా పనిచేశాయని 2017లో ఒక పరిశోధన వచ్చింది. ఎలుకల దగ్గరే ఆగిందని గుర్తుపెట్టుకోండి.

నా లెక్కలో అసలైన మందు ఒక్కటే. ఆస్ట్రేలియాలో జాక్ జంపర్ చీమ కుడితే అలర్జీతో ప్రాణం మీదికొచ్చేవాళ్లకు, ఆ చీమ విషాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ ఇంజెక్షన్ ఇచ్చి ఒంటికి అలవాటు చేస్తారు. అందుకు చీమల్ని పట్టి, విషపు సంచుల్ని కోసి తీయాలి. ఒక్కో దాంట్లో వచ్చేది కంటికి ఆనని చుక్క. మరి ఆన్‌లైన్‌లో మోకాళ్ల నొప్పులకని సీసాలకు సీసాలు అమ్మే "చీమ నూనె"లో ఏం పోస్తున్నారో వాళ్లనే అడగండి.