ఎక్కువ కాల్స్ తీసుకున్నవాళ్లేనా ఉత్తమ ఉద్యోగులు?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ అయ్యాక ఎమర్జెన్సీ కంట్రోల్ రూమ్‌లో కాల్ టేకర్‌గా చేరింది. ఈమధ్య ఒకావిడ, భర్త కుప్పకూలిపోయాడని ఫోన్ చేస్తే, అంబులెన్స్ చేరేదాకా లైన్లోనే ఉండి ఆవిడ చేత ఛాతీ నొక్కించిందట. ఆ నెల ‘ఉత్తమ ఉద్యోగి’ అవార్డు మాత్రం అందరికంటే ఎక్కువ కాల్స్ తీసుకున్న ఇంకో అబ్బాయికి ఇచ్చారు. అప్పట్నుంచీ ముభావంగా ఉంటోంది, మానేస్తానంటోంది. చుట్టాలేమో ‘కాల్ సెంటర్ ఉద్యోగమేగా, పోతే పోనీ’ అంటున్నారు. ఈ పనిలో ప్రతిభకు గుర్తింపు ఉంటుందా? ఎదుగుదల ఉంటుందా? ఇంకేదైనా చూసుకోమని చెప్పాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ‘కాల్ సెంటర్ ఉద్యోగమేగా’ అనేది మీ చుట్టాలొక్కరే కాదు. అమెరికా ప్రభుత్వం ఉద్యోగాలను వర్గాలుగా విడదీసే జాబితా ఒకటుంది. 2018లో దాన్ని సవరించినప్పుడు కూడా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి వచ్చే కాల్స్ తీసుకునే సిబ్బందిని ఆఫీసు, గుమాస్తా పనుల వర్గంలోనే ఉంచారు. పోలీసులు, ఫైర్ సిబ్బంది ఉండే రక్షణ సేవల వర్గంలోకి మార్చాలని 2019లో అక్కడి కాంగ్రెస్‌లో బిల్లు కూడా పెట్టారు. కాబట్టి చుట్టాల మీద కోపం తెచ్చుకోకండి. బయటికి కనపడేది హెడ్‌సెట్, కంప్యూటర్ అంతే. అవతలి గొంతులో ఏముందో వాళ్లకు వినపడదు కదా.

అవార్డు సంగతికి వద్దాం. మీ అమ్మాయి బాధలో న్యాయముంది. అలాగని ఆ అబ్బాయిని తప్పు పట్టడానికీ లేదు. ఎన్ని కాల్స్ తీసుకున్నారు, ఒక్కో కాల్ సగటున ఎన్ని నిమిషాలు సాగింది, ఈ లెక్కలు కంప్యూటర్ తనంతట తానే ఇచ్చేస్తుంది. నెలాఖరున టీం లీడర్‌కి చేతికందేది అదే. ఎవరు ఎంత బాగా మాట్లాడారో తెలియాలంటే మాత్రం ఒకరు కూర్చుని రికార్డింగులు వినాలి. అంత ఓపిక, అంత తీరిక చాలాచోట్ల ఉండదు.

ఫోన్ త్వరగా ఎత్తడం చిన్న విషయమని నేననడం లేదు. అసలు ఈ వ్యవస్థ పుట్టిందే అందుకు. 1935 నవంబరులో లండన్‌ వింపోల్ స్ట్రీట్‌లో ఒక ఇంటికి నిప్పంటుకుని ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు. మంటలు చూసి ఫోన్ చేసిన పొరుగాయన్ను ఎక్స్ఛేంజి వాళ్లు క్యూలో నిలబెట్టారు. ఆయన పత్రికకు ఘాటుగా లేఖ రాశాడు, గొడవైంది, విచారణ జరిగింది, చివరికి 1937 జూన్ 30న 999 అనే ఎమర్జెన్సీ నంబరు మొదలైంది. ఇవాళ అమెరికాలో ఈ రంగానికి ప్రమాణాలు రాసే నీనా సంస్థ, 90 శాతం కాల్స్‌ను 15 సెకన్లలోపు, 95 శాతం కాల్స్‌ను 20 సెకన్లలోపు ఎత్తాలంటుంది. అయితే అది మొత్తం సెంటర్ చేరుకోవాల్సిన అంకె. షిఫ్టులో ఎంతమందిని కూర్చోబెట్టారన్న దాన్ని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. మనిషి పనితనం ఫోన్ ఎత్తాకే మొదలవుతుంది.

ఆకతాయి కాల్ పది సెకన్లలో తెగిపోతుంది. మీ అమ్మాయి ఆ రోజు తీసుకున్నలాంటిది నిమిషాలకు నిమిషాలు సాగుతుంది. లెక్కలో మాత్రం అదీ ఒకటే, ఇదీ ఒకటే. పైగా లైన్లో ఉండిపోయినందుకు ఆమె సగటు సమయం పెరిగి రిపోర్టులో వెనకబడుతుంది. ఎన్ని పేపర్లు దిద్దాడన్న దాన్ని బట్టి మాస్టారు మంచివాడో కాదో తేల్చినట్టుంది ఈ పద్ధతి.

ఆ కాల్‌లో ఆమె ఏం చేసి ఉంటుందో మీకు కాస్త దగ్గర నుంచి చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో వాళ్లకు ఇది తెలిస్తే సగం బరువు దిగుతుంది. మొదట అడ్రసు, ఫోన్ నంబరు. ఆ తర్వాత రెండే ప్రశ్నలు: మనిషి స్పృహలో ఉన్నాడా? ఊపిరి మామూలుగా తీసుకుంటున్నాడా? చిక్కంతా రెండో ప్రశ్నలోనే ఉంది. గుండె ఆగిన మనిషి కొంతసేపు ఉండుండి ఎగశ్వాస తీస్తాడు, గురక పెట్టినట్టు శబ్దం వస్తుంది. ఇంట్లోవాళ్లు ‘తీసుకుంటున్నాడండీ, గురక కూడా వస్తోంది’ అంటారు. ఆ మాట నమ్మి ‘సరే, అంబులెన్స్ వస్తోంది’ అని ఊరుకుంటే ప్రాణం పోయినట్టే. పని తెలిసిన కాల్ టేకర్ అక్కడ ఆగి, ‘ఆయన ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఇప్పుడు అనండి’ అంటుంది. రెండు ‘ఇప్పుడు’ల మధ్య ఎంత ఎడం ఉందో చూసి అది ఊపిరి కాదని పట్టేస్తుంది. ఇక మనిషిని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టించడం, ఛాతీ మధ్యలో అరచేయి ఆనించి దానిపై రెండో చేయి వేయించడం, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కించడం. ఆ వేగం తప్పకుండా అవతల లెక్క వినపడుతూనే ఉండాలి.

ఈలోగా అవతల ఆవిడ ఏడుస్తుంది, ‘నావల్ల కాదమ్మా’ అంటుంది, ఫోన్ కింద పెట్టి గుమ్మం దగ్గరికి పరిగెత్తబోతుంది. అప్పుడు గొంతు పెంచకుండా, మాట మార్చకుండా, అదే వాక్యాన్ని అదే స్వరంతో మళ్లీ మళ్లీ చెప్పాలి. ‘ఆయన చేతిలో మీ చేయి పెట్టకండి, ఛాతీ మీద పెట్టండి. నాతోపాటు లెక్కపెట్టండి.’ ఇది శిక్షణలో నేర్పే పద్ధతే. వినడానికి తేలిక, పాటించడం కష్టం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ పనికి గడువులు కూడా పెట్టింది: కాల్ అందిన 90 సెకన్లలోపు గుండె ఆగిందని గుర్తించాలి, 150 సెకన్లలోపు మొదటిసారి ఛాతీ నొక్కించాలి. మీ అమ్మాయి ఆ కాల్‌లో ఎన్నో సెకనుకు ఏం చేసిందో రికార్డింగ్‌లో ఉంది. ఆమె ప్రతిభకు సాక్ష్యం అదొక్కటే.

ఆ మనిషి బతికాడా అని మీరు రాయలేదు. ఆమెకే తెలిసి ఉండదు, చాలామందికి తెలియదు. అంబులెన్స్ సిబ్బంది గుమ్మంలో అడుగుపెట్టగానే లైన్ తెగుతుంది, వెంటనే ఇంకో కాల్ మోగుతుంది. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కాల్స్ సంఖ్యను చూసి అవార్డివ్వడం ఎంత తప్పో, ప్రాణం నిలిచిన కాల్స్‌కే అవార్డివ్వడమూ అంతే తప్పు. ఫోన్లో పురుడు పోయించారు, పిల్లాణ్ని బతికించారు అనే కథలు పేపర్లో బాగుంటాయి. కానీ అన్నీ సరిగ్గా చేసినా మనిషి దక్కని కాల్స్ ఈ వృత్తిలో చాలా ఉంటాయి. వాటిలోనూ పనితనం అంతే ఉంటుంది. ఫలితం ఆమె చేతిలో లేదు, పద్ధతి ఆమె చేతిలో ఉంది.

గుర్తింపు ఉంటుందా అన్నారు. ఉంది, ఎప్పట్నుంచో ఉంది. సాల్ట్ లేక్ సిటీలో జెఫ్ క్లాసన్ అనే డాక్టరు 1970ల చివర్లో ఫోన్లో ఏ ప్రశ్న తర్వాత ఏది అడగాలో కార్డుల మీద రాసిపెట్టాడు. ఆ పని నుంచే 1988లో ఇప్పుడు ఐఏఈడీ అని పిలిచే అంతర్జాతీయ సంస్థ పుట్టింది. అది వ్యక్తులకు డిస్పాచర్ (కాల్‌ను బట్టి అంబులెన్సులను, వాహనాలను పంపేవాళ్లు) సర్టిఫికెట్ ఇస్తుంది, దాన్ని రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. సెంటర్లకేమో 20 అంశాల్లో పరీక్షించి ‘అక్రెడిటెడ్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్’ హోదా ఇస్తుంది. కాల్స్‌ను నియమం ప్రకారం విని మార్కులు వేసే ఏర్పాటు లేకపోతే ఆ హోదా రాదు. 1935లో పుట్టిన ఆప్కో అనే ఈ రంగంవాళ్ల సంఘం ఏటా ఇచ్చే అవార్డుల్లో టెలికమ్యూనికేటర్‌తోపాటు (కాల్ టేకర్లను, డిస్పాచర్లను అక్కడ అలా పిలుస్తారు) లైన్ సూపర్‌వైజర్‌కీ, శిక్షకులకీ, సాంకేతిక సిబ్బందికీ, మొత్తం టీముకీ వేర్వేరుగా ఉన్నాయి. ఇది నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే రేడియో పనిచేయని రాత్రి ఎంత గొప్ప డిస్పాచరైనా చేసేదేమీ ఉండదు. ఏప్రిల్‌ రెండో వారంలో జరిగే టెలికమ్యూనికేటర్ల వారోత్సవాన్ని 1981లో కాలిఫోర్నియాలోని ఒక షెరిఫ్ ఆఫీసులో పనిచేసే పట్రీషియా ఆండర్సన్ మొదలుపెట్టారు. అంటే ఆ గుర్తింపు పైనుంచి రాలేదు, లోపలి మనిషే అడిగి తెచ్చుకుంది.

మీ అమ్మాయీ అడగాలి. ‘నాకెందుకు అవార్డు ఇవ్వలేదు’ అని కాదు. ‘ఫలానా తేదీ, ఫలానా సమయంలో నేను తీసుకున్న కాల్‌ను క్వాలిటీ వాళ్ల చేత వినిపించి, నాకు వివరంగా ఫీడ్‌బ్యాక్ ఇప్పించండి’ అని సూపర్‌వైజర్‌కి రాతపూర్వకంగా పెట్టమనండి. ఈ కోరికను కాదనడం కష్టం. త్వరగా పెట్టాలి, రికార్డింగులను కొంతకాలమే ఉంచి తీసేసే సెంటర్లుంటాయి. ఇలాంటి కాల్స్ గురించి తనకోసం చిన్న నోట్సు కూడా రాసుకోవాలి: ఏ రకం ఎమర్జెన్సీ, ఎక్కడ చిక్కొచ్చింది, తనేం చేసింది. పేర్లు, ఊర్లు, నంబర్లు అందులో ఉండకూడదు. రికార్డింగ్‌ను తన ఫోన్లోకి ఎక్కించుకోవడం, ఆ కథను వాట్సాప్‌లో పెట్టడం అసలే వద్దు. అలా చేస్తే మంచి పేరు మాట అటుంచి, ఉన్న ఉద్యోగమే పోతుంది.

ఎదుగుదల గురించి క్లుప్తంగా. కాల్ టేకర్ నుంచి అంబులెన్సులను, వాహనాలను పంపే డిస్పాచర్, అక్కడినుంచి కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడం, క్వాలిటీ ఆడిట్, షిఫ్ట్ సూపర్‌వైజర్, సెంటర్ మేనేజర్. మ్యాపులు, డిస్పాచ్ సాఫ్ట్‌వేర్ వైపు ఆసక్తి ఉంటే అదో దారి. మీరు రాసిన ఆ ఒక్క కాల్‌ను బట్టి చూస్తే, ఆమెకు శిక్షణ, ఆడిట్ వైపు బాగా కుదురుతుందనిపిస్తోంది.

ఇంకొక్క విషయం, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ఆమె ముభావానికి కారణం అవార్డు అని మీరనుకుంటున్నారు. కాకపోవచ్చు. ఆ కాలే కారణమై ఉండొచ్చు. ఘటనా స్థలంలో లేకపోయినా, విన్నదానివల్లే 911 సిబ్బందిలో పీటీఎస్డీ (భయంకర అనుభవం తర్వాత మనసును వదలని ఒత్తిడి జబ్బు) లక్షణాలు కనిపిస్తున్నాయని అమెరికాలో 2012లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. చూడలేదు కాబట్టి మనసే ఆ దృశ్యాన్ని అల్లుకుంటుంది. ‘నాకు అవార్డు ఇవ్వలేదు’ అని పైకి చెప్పడం తేలిక, ‘ఆ ఏడుపు నా చెవుల్లోంచి పోవడం లేదు’ అని చెప్పడం తేలిక కాదు. నిద్ర సరిగ్గా పడుతోందా, ఇంట్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడుతోందా, డ్యూటీకి వెళ్లే ముందు కడుపులో తిప్పుతోందంటోందా గమనించండి. అలాంటివేమైనా ఉంటే ముందు కౌన్సెలర్ని కలవమనండి. సెంటర్‌లోనే ఆ సదుపాయం ఉందేమో అడగమనండి. మీరు మాత్రం ‘ఆయన బతికాడా?’ అని అడగకండి. ‘ఆవిడతో ఏం చెప్పావు?’ అని అడగండి, ఆమె చేసిన పని గురించి మాట్లాడనివ్వండి. ఈ స్థితిలో ఉండగా రాజీనామా రాయొద్దనే నా సలహా.

ఆ కాల్ విని ఫీడ్‌బ్యాక్ ఇస్తే, అవార్డు రాకపోయినా ఆమె అక్కడ ఉండొచ్చు. వినడానికే ఒప్పుకోకపోతే, అసలు కాల్స్ వినే ఏర్పాటే లేదంటే, అప్పుడు వేరే సెంటర్ చూసుకోవడంలో తప్పులేదు. ఆసుపత్రుల కమాండ్ సెంటర్లు, అగ్నిమాపక, విపత్తు నిర్వహణ కంట్రోల్ రూములు ఇలాంటి అనుభవం ఉన్నవాళ్లను తీసుకుంటాయి. ఇంటర్వ్యూలో జీతంతోపాటు ఇవి కూడా అడగమనండి: నెలకు ఒక్కొక్కరివి ఎన్ని కాల్స్ వింటారు, వినేది ఎవరు, విన్నాక కాల్ తీసుకున్నవాళ్లతో కూర్చుని మాట్లాడతారా, పేషెంట్ ఏమయ్యాడో కబురు చెప్పే అలవాటుందా. జవాబుగా మళ్లీ టార్గెట్ల లెక్కే చెబితే, ఆ చోటుకూ ఇప్పుడున్న చోటుకూ తేడా లేదు. ఇంకోటి వెతుక్కోమనండి.