లేహ్‌లో పిల్లల స్పీడు తగ్గదు, దమ్ము తిరిగి రావడమే ఆలస్యం

మీ బాబుకి 11 ఏళ్లు, కబడ్డీ ఆడతాడు, సెలవుల్లో లడఖ్‌లోని లేహ్ తీసుకెళ్తున్నారు. అక్కడ వారం రోజులు ప్రాక్టీస్ చేయిస్తే దమ్ము పెరుగుతుందా, లేక ఆక్సిజన్ తక్కువై స్పీడు పడిపోతుందా అని కదా అడిగారు. మాది మహబూబ్‌నగర్ పక్కనే ఒక మండలం. నేను బడిలో పీఈటీని. రెండేళ్ల కింద మా అమ్మాయిని, మా అక్క కొడుకును తీసుకుని లేహ్ వెళ్లొచ్చాం. వాడికప్పుడు పదేళ్లు.

ముందు చేసిన తప్పు చెప్తాను. విమానం దిగిన రోజే పిల్లలు హుషారుగా ఉన్నారని గెస్ట్‌హౌస్ ముందు గంటసేపు క్రికెట్ ఆడనిచ్చాను. రాత్రికి మావాడికి తలనొప్పి, వాంతులు. కరోనా టైంలో కొన్న ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 88 శాతం. మా ఊళ్లో ఆ అంకె కనిపిస్తే ఆసుపత్రికి ఉరికేవాళ్లం. కొత్తగా అంత ఎత్తుకు వెళ్లినవాళ్లకు 90కి అటూ ఇటూ ఉండటం మామూలేనని, అంకె ఒక్కటే కాదు, పిల్లాడి వాలకం చూడాలని అక్కడి డాక్టరు చెప్పాకగానీ నాకు టెన్షన్ తగ్గలేదు. రెండు రోజులు పడుకోబెట్టాం.

ఐదో రోజు ఇద్దరూ బాగా తేరుకున్నాక, జేబులో స్టాప్‌వాచ్ ఊరుకోనివ్వక, వెనకున్న మట్టిరోడ్డు మీద యాభై అంగలు ఉరికించాను. మొదటి ఉరుకు అచ్చం మా గ్రౌండ్‌లో ఉరికినట్టే ఉంది. ఆక్సిజన్ లేదన్నావు, మరి ఇదేందని మా ఇంటావిడ నవ్వింది. రెండోసారికి ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. మూడోసారి వాడు సగం దాకా వచ్చి కూర్చున్నాడు. ఊళ్లో అయితే నిమిషం ఆగి మళ్లీ గీత దగ్గరికొచ్చే పిల్లలు.

ఐదారు సెకన్ల ఉరుకుకు కావాల్సిన శక్తి చాలావరకు కండరంలో ముందే నిల్వ ఉంటుంది. అప్పటికప్పుడు పీల్చే గాలితో దానికి పెద్దగా పని లేదు. ఖర్చయిన నిల్వ మళ్లీ నిండటానికే ఆక్సిజన్ కావాలి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండొంతులే. మన మహబూబ్‌నగర్ 500 మీటర్లు, ఇక్కడ ఆ తేడా తెలియనే తెలియదు.

1968లో 2,240 మీటర్ల ఎత్తున్న మెక్సికో సిటీలో ఒలింపిక్స్ జరిగితే, పల్చటి గాలిలో జిమ్ హైన్స్ వంద మీటర్లు 9.95 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు కొట్టాడు. పది వేల మీటర్లలో గెలిచినతను మాత్రం అప్పటి ప్రపంచ రికార్డు కంటే నిమిషంన్నరకు పైగా వెనకబడ్డాడు.

పిల్లల లెక్క పెద్దల కంటే ఇంకొంచెం వేరు. ఆక్సిజన్ లేకుండా గ్లూకోజు నుంచి శక్తి తీసే ఏర్పాటు వాళ్లలో ఇంకా పూర్తిగా ఎదగదు. లాక్టిక్ ఆమ్లం తక్కువ, తేరుకోవడం త్వరగా. ఖోఖో ఆడిన పిల్లాడు రెండు నిమిషాల్లో మళ్లీ గెంతుతాడు, కుర్చీ వెతుక్కునేది సారు. కానీ అదే కారణంగా అరనిమిషం పనిలో కూడా పెద్దల కంటే ఎక్కువ వాటా ఆక్సిజన్ మీదే నడుస్తుంది. కబడ్డీ రెయిడ్ 30 సెకన్ల దాకా సాగుతుంది, పైగా కూత ఆపకూడదు. కాబట్టి గీత దాటి తాకి వచ్చేయడం వరకు మీవాడికి తేడా తెలియదు. రెయిడ్ మీద రెయిడ్ వేస్తేనే తెలుస్తుంది.

వారం రోజుల్లో దమ్ము పెరుగుతుందనే ఆశ వదిలేయండి. రక్తంలో ఎర్రకణాలు లెక్కకొచ్చేంతగా పెరగడానికి మూడు నాలుగు వారాలైనా కావాలి, స్పీడుకు అవి పెద్దగా పనికిరావు కూడా. మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది మన భువనగిరి గుట్ట మీద శిక్షణతో మొదలుపెట్టే కదా అంటారు కొందరు. ఆ గుట్ట నేర్పింది రాయి ఎక్కడం. ఎత్తుకు అలవాటు పడటానికి ఆమె డార్జిలింగ్, లడఖ్ వెళ్లాల్సి వచ్చింది.

మొదటి రెండు రోజులు ఆట వద్దు. తర్వాత ఆడితే ఒక్కో రెయిడ్‌కు మధ్య ఊళ్లో ఇచ్చేదానికి రెండింతల విశ్రాంతి ఇవ్వండి. తలనొప్పి, వాంతులు, తిండి మానేయడం కనిపిస్తే ఆట ఆపేసి, ఇంకా పైకి తీసుకెళ్లకండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా వెంటనే డాక్టరుకు చూపించి కిందికి దించాలి. లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా కనుమ చూపించండి, ఫోటో దిగండి. 5,300 మీటర్లు దాటిన ఆ చోట మాత్రం ఉరికించకండి.