ఎడిసన్‌లో మొదటి కారు కొనబోయే తిరుపతి తమ్ముడికి

తమ్ముడూ,

మొన్న కె.టి. రోడ్డులో మా ఇంటికి వచ్చినప్పుడు ఏ కారు కొనాలని నువ్వు అడిగిన ప్రశ్నకు కాఫీ తాగేలోపు సమాధానం చెప్పలేకపోయాను. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగం, ఎడిసన్‌లో గది. అక్కడి స్నేహితులు పెద్ద ఎస్‌యూవీ కొనమంటున్నారు, నీ మనసు పెట్రోలు ఇంజనూ, బ్యాటరీతో నడిచే మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ మీద ఉంది, మీ నాన్నగారు "బ్యాటరీ పోతే లక్షలు ఎవరు పోస్తారు?" అంటున్నారు. ముగ్గురిలో నీ మాటే సరైనది. అది నీకు అర్థం కావాలంటే నేను పోగొట్టుకున్న డబ్బు లెక్క చెప్పాలి.

నేను 2007 చివర్లో ఎడిసన్‌లో దిగాను. నా చదువు కోసం మా నాన్న దామలచెరువు దగ్గరి మామిడి తోటను తాకట్టు పెట్టారు. ఆ అప్పు నెత్తిన ఉండగానే, వచ్చిన నాలుగో నెలలో ఆరు సిలిండర్ల పాత ఎస్‌యూవీ కొన్నాను. మంచు దేశంలో పెద్ద బండే భద్రమని గదిలోవాళ్ళు చెప్పారు. దాని పక్కన నిలబడి దిగిన ఫోటో అమ్మకు పంపాలన్న ఆశ నాకూ ఉండేది. ధర 12,000 డాలర్లు. అక్కడ అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర లేదు కాబట్టి 17 శాతం వడ్డీ, అయిదేళ్ళ వాయిదాలు. అమ్మినతను "నెలకు 298 డాలర్లే" అని పదేపదే అన్నాడు. నేనూ ఆ ఒక్క అంకెనే చూశాను. మొత్తం మీద 5,900 డాలర్ల వడ్డీ కట్టబోతున్నానని సంతకాలు అయిపోయి, ఇంటికి వచ్చి కాగితం మీద వేసుకున్నాకే తెలిసింది.

ఆ వేసవిలోనే, 2008లో, అమెరికాలో పెట్రోలు సగటు ధర గ్యాలన్‌కు నాలుగు డాలర్లు దాటింది. నేను వెళ్ళే రూట్ 1 రహదారి మీద అడుగడుగునా సిగ్నళ్ళు. నా బండి ఆ రద్దీలో గ్యాలన్‌కు 17 మైళ్ళు, అంటే లీటరుకు ఏడు కిలోమీటర్లు ఇచ్చేది. న్యూజెర్సీలో చట్టప్రకారం పెట్రోలు మనం పోసుకోకూడదు, బంకులో మనిషే పోస్తాడు. నేను లోపల కూర్చుని, తిరుగుతున్న మీటరును రూపాయల్లోకి మార్చుకుంటూ ఉండేవాణ్ణి. ఆ ఏడాది రెండు నెలలు ఇంటికి డబ్బు పంపలేకపోయాను. ఎందుకు పంపలేదని నాన్న అడగలేదు. ఆయన అడగకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. హైబ్రిడ్ డబ్బున్నవాళ్ళ సరదా అనీ, అయిదేళ్ళకు బ్యాటరీ చచ్చిపోతుందనీ ఎవరో అంటే నమ్మాను. టొయోటా వాళ్ళ హైబ్రిడ్ కారు ప్రియస్ జపాన్‌లో 1997లోనే రోడ్డెక్కింది, అమెరికాకు 2000లో వచ్చింది. మాకు గంట దూరంలోని న్యూయార్క్‌లో హైబ్రిడ్లు అప్పటికే టాక్సీలుగా తిరుగుతున్నాయి. పగలూ రాత్రీ నడిచే టాక్సీకి పనికొచ్చిన బండి నాకు పనికిరాదా అని ఆలోచించలేదు. అలా అయిదేళ్ళు గడిపాను. ఏడాదికి 12,000 మైళ్ళ చొప్పున గ్యాలన్‌కు 17 మైళ్ళు ఇచ్చే నా బండికి 706 గ్యాలన్లు, 50 మైళ్ళు ఇచ్చే హైబ్రిడ్‌కు 240. అయిదేళ్ళ తేడా 2,330 గ్యాలన్లు. మూడు డాలర్ల లెక్కన చూసినా ఏడు వేల డాలర్లు పొగై పోయాయి. ఈ కాలం పిల్లలకు కాలిక్యులేటర్ జేబులోనే ఉంటుంది, కానీ కొనేముందు దాన్ని బయటికి తీసేవాళ్ళు తక్కువ. నువ్వు తియ్యి.

2013లో వాయిదాలు తీరాక సగం చేతి డబ్బు, సగం క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) అప్పుతో 2010 మోడల్ ప్రియస్ కొన్నాను. ఈసారి వడ్డీ 4 శాతం లోపే. అదే రూట్ 1 మీద గ్యాలన్‌కు 50 మైళ్ళు, మన లెక్కలో లీటరుకు 21 కిలోమీటర్లు. నెలకు మిగిలిన 115 డాలర్లను విడిగా దాచాను. 2015లో దామలచెరువు తోట విడిపించిన డబ్బులో ఆ దాచిన సొమ్ము కూడా ఉంది. 2022 జూన్‌లో సగటు ధర మొదటిసారి అయిదు డాలర్లు దాటి అందరూ గగ్గోలు పెడితే నేను నిశ్చింతగా ఉన్నాను.

హైబ్రిడ్ ఇంత తక్కువ పెట్రోలుతో ఎలా నడుస్తుందో మీ నాన్నగారికి ఇలా చెప్పు. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో బస్సు దిగుతుంటే డ్రైవరు దారి పొడవునా బ్రేకు వేస్తూనే ఉంటాడు. మామూలు బస్సులో ఆ శక్తంతా వేడై గాలిలో కలుస్తుంది. ఇప్పుడు నడుస్తున్న విద్యుత్ బస్సుల్లో మోటారే జనరేటరుగా మారి, ఆ శక్తిని మళ్ళీ బ్యాటరీలో నింపుతుంది. హైబ్రిడ్ కారు ప్రతి సిగ్నల్ దగ్గరా ఇదే పని చేస్తుంది. బండి ఆగితే ఇంజన్ ఆగిపోతుంది, మెల్లగా కదలడానికి మోటారు చాలు. ఫోనులా ఛార్జింగ్ పెట్టే పని లేదు. మామూలు కారుకు ఊళ్ళో మైలేజీ పడిపోతుంది, దీనికి ఊళ్ళోనే ఎక్కువ. బ్రేకు ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. బ్యాటరీకి సాధారణంగా ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ ఉంటుంది. టొయోటా అయితే 2020 మోడల్ నుంచి పదేళ్ళు లేదా లక్షన్నర మైళ్ళు ఇస్తోంది.

అయితే నువ్వు వారానికి ఒక్కరోజే ఆఫీసుకు వెళ్ళేటట్టయితే ఈ లెక్క మారుతుంది. ఏడాదికి 5,000 మైళ్ళు తిరిగేవాడికి గ్యాలన్‌కు 30 మైళ్ళు ఇచ్చే మామూలు కారుతో పోలిస్తే, అదే మూడు డాలర్ల లెక్కన, ఏటా మిగిలేది 200 డాలర్లే. దానికోసం రెండు వేల డాలర్లు ఎక్కువ పెట్టి కొనడం దండగ. రోజూ వెళ్ళేవాడికి మాత్రం ఆ రెండు వేలు సుమారు నాలుగేళ్ళలో తిరిగి వస్తాయి.

లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో. నేను చెప్పేది మాత్రం వెబ్‌సైట్‌లో దొరకదు. దిగిన వెంటనే కారు కొనకు. ఎడిసన్ స్టేషన్‌లో రైలెక్కితే ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దిగవచ్చు. ఆరునెలలు అలా తిరుగు. ఒక క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కట్టు. అప్పు సరిగ్గా తీరుస్తావని చూపే క్రెడిట్ స్కోరు పెరిగాక అప్పు అడిగితే, నేను కట్టినంత వడ్డీ పడకపోవచ్చు. పాత హైబ్రిడ్ చూస్తే సర్వీసు రికార్డు అడుగు, మెకానిక్‌తో బ్యాటరీ పరీక్ష చేయించు. చాలా ప్రియస్‌లలో వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి వెళ్ళే జాలీ ఉంటుంది. దాన్ని దుమ్ముతో మూసుకుపోనివ్వకు, పైన దుప్పట్లు పెట్టకు.

మీ అమ్మ కాణిపాకంలో వాహన పూజ అంటుంది. కారు అక్కడ, గుడి ఇక్కడ. తాళం చెవి ఫోటో పంపితే ఆవిడే చేయిస్తుంది, కాదనకు. అంతకంటే ముందు, సంతకం పెట్టకుండా ఆ కాగితాల ఫోటో నాకు పంపు. వడ్డీ శాతం, మొత్తం కట్టాల్సిన సొమ్ము రెండూ కనబడాలి. నేను కూడా వచ్చే నెల ఎడిసన్ చేరుకుంటాను, అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతాను.