గ్రహణం ‘పట్టింది’ అనడం పునరుక్తా? ‘పద్దెనిమిదేళ్లకోసారి’ అనవచ్చా?

సందేహం: గ్రహణమంటేనే పట్టుకోవడం కదా, ‘గ్రహణం పట్టింది’ అంటే పునరుక్తి కాదా? 2025 సెప్టెంబరు 7 చంద్రగ్రహణం రాత్రి 8.58కి మొదలని టీవీలో, 9.57కి స్పర్శ అని పంచాంగంలో వచ్చింది. ‘పట్టు’ ఏది? ‘ఈ గ్రహణం పద్దెనిమిదేళ్లకోసారి వస్తుంది’ అని రాయవచ్చా? (ఒక పాఠకుడు, అమలాపురం)

సమాధానం: పునరుక్తి కాదు. సంస్కృతంలో ‘గ్రహ్’ ధాతువుకు పట్టుకోవడమనే అర్థం ఉన్నా, తెలుగులోకి వచ్చాక గ్రహణం ఒక ఘటనకు పేరైపోయింది. దాని పక్కన ‘పట్టు’ చేసే పని వేరు. ముసురు పట్టింది, తుప్పు పట్టింది, దెయ్యం పట్టింది అంటాం. ఏదో వచ్చి కమ్ముకుని ఓ పట్టాన వదలకపోవడం వీటన్నిటిలో ఉంది. పట్టేటప్పుడు ‘చంద్రుడికి’ గ్రహణం పడుతుంది, విడిచేటప్పుడు ‘చంద్రుణ్ణి’ విడుస్తుంది. మాటల్లో చంద్రుణ్ణి వదిలేసి ‘గ్రహణం విడిచింది’ అంటాం. ‘వీడింది’ అన్నా సరే. పత్రికల వాళ్లు రాసే ‘గ్రహణం ఏర్పడింది’ తప్పు కాదు గాని, పట్టు, విడుపు అనే జంటలో ఉన్న మొదలూ తుదీ అందులో లేవు. రాజమహేంద్రవరం రేవుల్లో పట్టుస్నానం, విడుపుస్నానం అనే మాటలు ఈ జంట మీదే నిలిచి ఉన్నాయి. వాటిని పోగొట్టుకోవద్దు.

పట్టు వేళ 9.57. భూమి నీడకు నడుమ చిక్కటి ప్రచ్ఛాయ, దాని చుట్టూ పలచటి ఉపచ్ఛాయ ఉంటాయి. 8.58కి చంద్రుడు చేరింది ఉపచ్ఛాయలోకి. అప్పుడు వెలుగు కాస్త మందగిస్తుందే గాని అంచు నల్లబడదు, కంటికి తేడా తెలియదు. ప్రచ్ఛాయ అంచు తాకడమే స్పర్శ, అదే మన పట్టు. బింబం పూర్తిగా మునిగితే సమ్మీలనం (ఆ రాత్రి 11.01), మళ్లీ అంచు మెరిస్తే ఉన్మీలనం (12.23), నీడ పూర్తిగా వదిలితే మోక్షం, అంటే విడుపు (1.26). ‘సంపూర్ణ గ్రహణం 9.57 నుంచి 1.26 వరకు’ అని రాస్తే మూడున్నర గంటలూ చంద్రుడు ఎర్రగానే ఉన్నాడనుకుంటారు. ఎరుపు నిండుగా ఉన్నది 82 నిమిషాలే. దాన్ని ‘సంపూర్ణ దశ’ అని విడిగా రాయాలి.

పట్టు కనబడని గ్రహణాలూ ఉంటాయి. 2026 మార్చి 3న పట్టు మధ్యాహ్నం 3.20కి, విడుపు సాయంత్రం 6.48కి. కోనసీమలో ఆ రోజు చంద్రోదయం ఆరు దాటాకే, అదీ గ్రహణంతోనే. దీనికి గ్రస్తోదయమని చక్కటి మాట ఉంది.

మూడో సందేహంలో చిక్కంతా ‘ఈ’ అనే చిన్న మాటలో ఉంది. మీ వాక్యంలో ఉంది గనక కొంత నయం. అది జారిపోయి ‘చంద్రగ్రహణం పద్దెనిమిదేళ్లకోసారి వస్తుంది’ అయితే పచ్చి తప్పు. 2025లోనే మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి వచ్చాయి. పద్దెనిమిదేళ్ల లెక్క ఒకే వరుసకు చెందిన గ్రహణాలది. 223 పున్నములు గడిస్తే 6585 రోజుల 8 గంటలు. ఆ గడువులో చంద్రుడు, తన దారి సూర్యుడి దారిని కోసే రాహుకేతువులనే ఖండన బిందువుల్లో ఒక్కొక్కదాన్ని దాదాపు 242 సార్లు దాటి, పాత అమరికకే చేరతాడు. ఈ చక్రాన్ని సారోస్ అంటారు. నడుమ వచ్చే లీపు సంవత్సరాలను బట్టి అది 18 ఏళ్ల 10 రోజులో, 11 రోజులో అవుతుంది.

మిగిలిన 8 గంటలనూ మరవకూడదు. ఆ వ్యవధిలో భూమి మూడో వంతు తిరిగిపోతుంది గనక, తర్వాతి గ్రహణం మరో ప్రాంతం వాళ్లకు దక్కుతుంది. ఈ వరుసలోనే 2007 ఆగస్టు 28న వచ్చినదానికి మనకు చంద్రోదయం కాకముందే విడుపు అయిపోయింది. 2043 సెప్టెంబరు 19న గ్రహణ మధ్యకాలం మన ఉదయం 7.20 ప్రాంతం; అప్పటికి చంద్రుడు అస్తమించి ఉంటాడు. 2025 నుంచి మూడు చక్రాలు వెనక్కి వెళ్తే 1971 ఆగస్టు 6 రాత్రి గ్రహణం మన ఆకాశంలోనే పట్టింది.

కాబట్టి మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘ఈ వరుస గ్రహణం పద్దెనిమిదేళ్ల పది, పదకొండు రోజులకు మళ్లీ వస్తుంది, దాదాపు ఇదే వేళకు ఇక్కడ కనబడాలంటే యాభై నాలుగేళ్లు దాటాలి.’