పత్రికల కవర్లు, ఫోటో కథనాల లేఅవుట్ చేయడం ఎలా నేర్చుకోవాలి? కోర్సు తప్పనిసరా?

అక్కర్లేదండీ. విజయవాడలో ఒక మాసపత్రికకు పదహారేళ్లు పేజీలు పెట్టాను. ఈ పని కంప్యూటర్ ముందు కన్నా బైండింగ్ బల్ల దగ్గరే బాగా ఒంటబడుతుంది. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ నెల రోజుల్లో ఎవరికైనా వచ్చేస్తుంది.

చేరిన రెండో ఏడు చినగంజాం ఉప్పు మడుల మీద ఫోటో కథనం చేశాం, ఎనిమిది పేజీలు. అందులో ఒక అడ్డం ఫోటో. తెల్లవారుజామున గట్టు మీద ఒక పెద్దామె, నెత్తిన ఉప్పు తట్ట, రెండు పక్కలా మడుల నీళ్లలో ఆకాశం. స్క్రీన్ మీద చూసి ఒళ్లు పులకరించి రెండు పేజీలకూ పరిచేశాను. ఆమె సరిగ్గా మధ్యలో ఉంది. అది ప్రత్యేక సంచిక కాబట్టి పిన్నింగ్ కాదు, జిగురు బైండింగ్. అలాంటి పుస్తకం మధ్యలో పూర్తిగా విచ్చుకోదు. ప్రూఫ్ చూసిన బైండర్ "మనిషి మడతలో పడుద్ది బాబూ" అన్నాడు. నేను వినలేదు.

కాపీలు ఇవ్వడానికి ఫోటోగ్రాఫర్‌తో పాటు నేనూ వెళ్లాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. ఎడమ పేజీలో ఒక చెవి, కమ్మ. కుడి పేజీలో భుజం, తట్ట అంచు. "నా మొకం ఏది నాయనా?" అంది. రెండు బొటనవేళ్లతో పుస్తకాన్ని నొక్కి నొక్కి విప్పింది. జిగురు విడిచి పేజీ ఊడి చేతికొచ్చింది. దాని అంచున ఒక కన్ను, సగం ముక్కు. మరుసటి నెల ఆ ఫోటో నిలువుగా, ఆమె ఒక్కదాన్నే వేద్దామని ఎడిటర్ గారిని బతిమాలాను. చోటు లేదన్నారు. నా డబ్బులతో ప్రింటు తీయించి పంపాను. ఆనాటి నుంచి నేను పెట్టే పేజీల్లో మనిషి ముఖం మడతకు రెండు వేళ్ల దూరంలోపు రాదు.

అందుకే ముందు డమ్మీ, అంటే ఖాళీ కాగితాలతో నమూనా పుస్తకం చేయండి. ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకు మడిచి పిన్ కొడితే 32 పేజీలు. వాటిలో 16, 17 మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన వస్తాయి. అడ్డం ఫోటోకు అంతకన్నా మంచి చోటు లేదు. ఫోటోలను పోస్టుకార్డు సైజులో తీయించి నేల మీద పరిచి, వరస మార్చి మార్చి చూడండి. అమెరికా ఫోటో పత్రిక లైఫ్ పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగా ఉన్నాయి. 1948 సెప్టెంబరు 20 సంచిక తీయండి. కొలరాడోలో క్రెమ్లింగ్ అనే చిన్న ఊరి డాక్టరు వెంట ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 23 రోజులు తిరిగి తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. మబ్బుల కింద సంచీ పట్టుకుని గడ్డిలో నడిచొచ్చే డాక్టరుతో మొదలై, ఆపరేషన్ టోపీతో కాఫీ కప్పు పట్టుకుని నీరసంగా నిలబడ్డ అదే మనిషితో ముగుస్తుంది. మధ్యలో ఏది ఎంత పెద్దదో స్కేలు పెట్టి కొలిచి రాసుకోండి. నేనలాగే చేశాను.

కవర్ దగ్గరకొస్తే, నిలువు ఫోటో లేకపోతే ఇంకోటి వెతకాలి తప్ప ఉన్నదాన్ని పిండకూడదు. 1982 ఫిబ్రవరి కవర్ కోసం నేషనల్ జియోగ్రాఫిక్ అడ్డం ఫోటోలోని పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరికి జరిపి మాట పడింది.

మన కవర్లు చూస్తే నాకు బాధేస్తుంది. ఇంగ్లీషు టెంప్లేటులో తెలుగు పోసేస్తారు. "స్త్రీ" కింది ఒత్తులు దిగి కింది లైను గుడికి గుచ్చుకుంటాయి. ఇంగ్లీషులో 12 పాయింట్ల అక్షరానికి 14 లీడింగ్ (లైనుకూ లైనుకూ మధ్య దూరం) చాలు, తెలుగుకు నేను 17 కన్నా తగ్గించను. ఇక బాపు గారి చేతిరాతను పోలిన ఫాంటు. పెళ్లి కథకూ అదే, రైతు ఆత్మహత్య కథనానికీ అదే! ఆ రెండో శీర్షిక చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మీ ఊళ్లో ప్రెస్సుకు వెళ్లండి. పొద్దున కటింగ్ హడావిడి ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటాక వెళితే బైండర్ దగ్గర కూర్చోనిస్తారు. చెడిపోయిన ఫారాలు (ఇంకా మడవని అచ్చు కాగితాలు) అడిగి ఇంటికి తెచ్చుకుని మడిచి చూడండి.