బడి విలీనంలో గదుల లెక్క ఎవరిది నిజం?

అనంతపురం జిల్లాలో ఒక ఊరి 3, 4, 5 తరగతులను పక్కూరి హైస్కూల్లో కలుపుతామంటే తల్లిదండ్రులు నమ్మట్లేదు, గదులు సరిపోతాయన్న మాట నిజమేనా అని అడిగారు.

గదుల మొత్తం చూసి ఒప్పుకోకండి. బడి వివరాలు సర్కారుకు పంపే యూడైస్ ఫారంలో బాగున్న గదులెన్ని, చిన్న మరమ్మతువి ఎన్ని, పెద్ద మరమ్మతువి ఎన్ని అని విడిగా రాస్తారు. మూడూ కలిపి ఒకే అంకె చెప్పినప్పుడే తేడా వస్తుంది. మీరే వెళ్లి ఎంచండి: భోజనం బియ్యం మూటలున్న గది, వానకు పెచ్చులూడే గది తీసేయండి. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న గదిలో 30 మంది కుదురుగా కూర్చుంటారు. 45 మందిని కుక్కితే టీచరు వెనక బెంచీ దాకా పోలేరు. మరుగుదొడ్లూ ఎంచండి, అందరూ మరిచేది అవే.

దూరం కూడా అంతే. ప్రాథమిక బడికి నిబంధన 1 కిలోమీటరు. మ్యాపులో 900 మీటర్లుండేది, వంక చుట్టిపోతే కిలోమీటరున్నర అవుతుంది. పిల్లలు నడిచే దారినే ఫోన్లో కొలవండి.

3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2022లో 117 జీవో తెచ్చింది, 2025లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. జనం అనుమానించడం సహజమే. అందుకే నోటిమాట వద్దు, మండల విద్యాధికారి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి గదుల పట్టిక, దూరం కొలిచిన కాగితం అడగండి. గడువు 30 రోజులు. ఆలోపు బడి యాజమాన్య కమిటీ సభ్యులెవరూ తీర్మానం రాయని ఖాళీ పేజీలో సంతకం పెట్టకూడదు.